కొత్తవాడలో మంగ్గరాయ్ చీటీలు

రాజలింగు కూతురు ఏం చదువుతోందో కొత్తవాడలో అందరికీ తెలుసు. తెలియకుండా రాజలింగు ఉండనిస్తేగా! చాయ్ హోటల్లోనో, నూలు దుకాణం ముందరో ఎవరైనా పలకరింపుగా "ఏం రాజలింగూ, పిల్ల మంచిగున్నదా?" అన్నారో, ఇక వాళ్ళ పొద్దు పోయినట్టే. "మా సుహాసిని పీహెచ్‌డీ చేస్తాంది. ఇండోనేషియాల మంగ్గరాయ్ అని ఒక భాష ఉన్నదిలే. దీవిలకు పొయ్యి, ఆర్నెల్లు వాళ్ళింట్ల ఉండి నేర్చుకొచ్చింది. తెలుగోళ్ళల్ల అది వచ్చినోళ్ళు ఇంకెవరున్నరో చెప్పుండ్రి చూద్దాం!" అనేవాడు. అక్కడిదాకా బాగానే ఉండేది. "ఆ భాషల ఏం చదువుతాందే?" అని ఎవరైనా తవ్వితే మాత్రం భుజం మీది తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు.

ఈ బాధ పడలేక ఒకరోజు కూతురినే అడిగాడు. జంపఖానా నేస్తూ నేస్తూ, ఏదో మాటవరసకు అడిగినట్టు అడిగాడు. తండ్రి సంగతి ఆమెకు తెలియనిదా? వచ్చి మగ్గం పక్కన కూర్చుంది.

"బాపూ, 'అకు చెరో లతుంక్' అంటే 'నేను మక్కలు వేయిస్తాన' అని. అకు అంటే నేను. చెరో అంటే వేయించుడు. లతుం అంటే మక్కజొన్నలు. ఆఖరుకు 'క్' అని వినబడ్డదా? అది గూడ నేను అనేటిదే. కానీ అది ఒంటిగ నిలవడదు. ముందున్న మాటను పట్టుకొని ఉంటది. నువ్వైతే ఒక తోక, ఆయనైతే ఒక తోక, వాళ్ళైతే ఇంకొకటి. మా చదువుల వాటిని క్లిటిక్కులు అంటరు."

"అంటే నేను అనేటిదాన్ని తీస్కపోయి మక్కలకు తగిలించిన్రా?"

"అగో, గదే!"

"మక్కలేం పాపం జేసినయే?"

సుహాసిని పడీపడీ నవ్వింది. తోకల మీద ఐదేళ్ళ చదువా అని రాజలింగుకు మనసులో అనిపించిన మాట నిజం. అయితే మర్నాడు చాయ్ హోటల్లో అతను చెప్పిన తీరు వింటే, ఆ తోకలు లేకపోతే లోకంలో మనుషులెవరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేరని అనుకుంటారు.

సుహాసిని పరిశోధనంతా చీటీల మీద ఉంది. ఆ దీవిలో ఆమె ఉన్న కొండ ఊళ్ళో కరెంటు వచ్చేది, పోయేది. అందుకని విన్న ప్రతి వాక్యాన్నీ అప్పటికప్పుడు ఒక అట్టచీటీ మీద రాసుకుంది. చేతికి తొందరగా వచ్చేవి తెలుగు అక్షరాలే గనుక తెలుగు అక్షరాల్లోనే రాసుకుంది. యుస్తినా అనే పెద్దామె, ఆమె చెల్లెలు, పొరుగింటి ఇంకొకామె కలిసి పనిచేసుకుంటూ మాట్లాడుకున్న ఏడు గంటల మాటలవి. ఫోన్లో రికార్డు చేసుకుంది కూడా. మొత్తం పద్నాలుగు వందల అరవై చీటీలు. పెద్దామె మాటైతే చీటీ అంచున ఎర్రగీత, చెల్లెలిదైతే నీలం, పొరుగామెదైతే ఆకుపచ్చ. పీహెచ్‌డీ కోసం రాసే పుస్తకం దాదాపు అంతా కంప్యూటర్లోకి ఎక్కింది. ఈ మాటలను మొదటి నుంచి చివరి దాకా వరుసగా దించాల్సిన ఆఖరి భాగం ఒక్కటే మిగిలింది. సోమవారం సాయంత్రం ఐదింటికి పుస్తకం హనుమకొండలో యూనివర్సిటీ ఆఫీసుకు చేరాలి. అప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. మూడోసారి అడిగితే పేరే కొట్టేస్తారు, ఐదేళ్ళూ నీళ్ళలో పోసినట్టే.

ఆ ఆఖరి పని ఇంట్లో కూర్చుని చేసుకుందామని వచ్చింది. మగ్గం కొట్టంలో గాలీ వెలుతురూ బాగుంటాయని చీటీలను కట్టలు కట్టలుగా జంపఖానా మీదే పరిచింది. బుధవారం పొద్దున గైడు సంతకం కోసం హనుమకొండ వెళ్ళింది.

రాజలింగు మగ్గం మీదికి వెళ్ళాడు. పెళ్ళి హాలు వాళ్ళ ఆర్డరు ఉంది, పని ఆగకూడదు. చీటీలు తీసి పక్కన పెడదామనుకున్నాడు, పెట్టి ఊరుకుంటే ఈ కథే లేదు. కట్ట ఎత్తగానే అంచులు కంటపడ్డాయి. ఎరుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ, మళ్ళీ నీలం, ఎరుపు రెండు. పదకొండో ఏట నుంచి నూలు సర్దిన మనిషి. రంగులు అట్లా కలగాపులగంగా ఉంటే చేతులు ఊరుకోలేదు. "చదువుకున్నోళ్ళకు సర్దుడు రాదు పాపం" అని జాలిపడి, మఠం వేసుకుని కూర్చున్నాడు. అన్నానికి కూడా లేవలేదు. చీటీలన్నీ ఒక్క గుట్టగా పోసి, చేతికందింది అందినట్టు ఏరాడు. ఎర్రవన్నీ ఎర్రవాటితో, నీలాలన్నీ నీలాలతో, ఆకుపచ్చలన్నీ ఒక దిక్కు. అంచులు తట్టి సమం చేశాడు. ఏ రంగు కట్టను ఆ రంగు నూలుతోనే కట్టాడు. మూడు కట్టలనూ మగ్గం మీద వరుసగా నిలబెట్టి, కూతురు మెచ్చుకుంటుందని సాయంత్రం దాకా దర్వాజ వైపు చూస్తూ కూర్చున్నాడు.

సుహాసిని వచ్చింది. చూసింది.

"ఇవి ఎవరు సర్దిన్రు బాపూ?"

"ఇంకెవరు సర్దుతరే? నేనే!" అన్నాడు రాజలింగు, మీసం మీద చెయ్యి వేసుకుని.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. అట్లాగే నేల మీద కూలబడింది.

"బాపూ, అవి ముగ్గురు ముచ్చట పెట్టుకున్న మాటలే. ఒకరన్న దానికి ఇంకొకరు జవాబిచ్చుకుంట పోయిన్రు. ముందు ఎవరేమన్నరో దాన్ని బట్టే ఆ తోక ఉంటదా ఊడుతదా అని నేను పుస్తకమంత రాసిన. ఇప్పుడు ఏ మాట ఎనక ఏ మాటనో ఎట్ల చూపెట్టాలె?"

రాజలింగు ఒక చీటీ లాగి వెనక్కి తిప్పి చూశాడు. "నంబర్లు... ఎయ్యలేదా బిడ్డా?"

"మధ్యల మధ్యల చీటీలు కలుపుకుంట వచ్చిన. అన్నీ అయినంక ఒక్కసారే ఏద్దామనుకున్న."

భార్య ఇందిరమ్మ వంటింట్లోంచి వచ్చింది. సంగతి విని మొగుణ్ణి ఒక చూపు చూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో తిట్టిన తిట్లన్నీ ఆ చూపు ముందు బేకారే.

సుహాసిని కళ్ళు తుడుచుకుని ఫోన్లో రికార్డింగు పెట్టింది. ఒక మాట వినడం, ఆపడం, ఆ చీటీ కోసం కట్టలన్నీ వెతకడం. అరగంటలో మూడు దొరికాయి. ఆమె వేళ్ళ మీద లెక్క వేసుకుని ఫోను పక్కన పెట్టేసింది. ఒక్క మనిషి రాత్రీపగలూ కూర్చున్నా సోమవారానికి సగం కూడా కాదు. "పోనియ్ బాపూ" అంది. ఆ పోనియ్ అన్న మాట రాజలింగు గుండెలో దిగబడింది. ఇన్నేళ్ళుగా బజారంతా చాటింపు వేసిన చదువును తన చేతులతో తనే చెడగొట్టాడు.

"ఇంకొక్కపారి పెట్టు" అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనుక. మాటల వెనక ఏదో చప్పుడు. టక్, టక్, కొంచెం ఆగి మళ్ళీ టక్.

"ఆ చప్పుడేందే?"

"మగ్గమే బాపూ. నడుముకు కట్టుకొని నేస్తరు వాళ్ళు. నల్లబట్ట మీద పువ్వులు తీస్తరు. యుస్తినమ్మ నేసుకుంటనే మాట్లాడుతాంది."

"నేస్తదా?" రాజలింగు ముందుకు జరిగాడు. "అయితె వాళ్ళు మన పద్మశాలోళ్ళేనా?"

అంత ఏడుపులోనూ తల్లీకూతుళ్ళకు నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఇందిరమ్మ మెల్లగా అంది. "పోయి బక్కమ్మక్కను పిలుసుకరా."

రాజలింగు మొహం మాడిపోయింది. బక్కమ్మ అంటే కొత్తవాడలో అచ్చు అతికే ఆడవాళ్ళకు పెద్దదిక్కు. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగులో ఒక్కో నిలువుపోగును పాతదాని ఒక్కో పోగుకు వేళ్ళతో మెలిపెట్టి అతకాలి; అచ్చు అతకడమంటే అదే. పన్నెండు వందల పోగులు ఉన్నా ఒక్కటి కూడా పక్కకు జరగకూడదు. బక్కమ్మ చూడకుండానే అతుకుతుంది, మాట్లాడుతూనే అతుకుతుంది. అటువంటి మనిషిని ఏడాదిన్నర కింద, అదే చాయ్ హోటల్ ముందర, పదిమందిలో రాజలింగు అనరాని మాట అన్నాడు. అతని మగ్గం మీద ఆమె అచ్చు అతికిన ఒక జంపఖానాలో నలభై పోగులు పుటుక్కున తెగిపోయాయి. "చేతులు ముసలియైనయ్, ఇగ చాలియ్యరాదూ" అన్నాడు. ఆమె మారుమాట్లాడకుండా వెళ్ళిపోయింది. అప్పటినుంచీ అతని గడప తొక్కలేదు, ఎదురుపడినా పలకలేదు. రాజలింగు తన అచ్చులను ఇంకెవరితోనో అతికించుకుంటూ, అవి వంకరపోతున్నా పైకి అనకుండా రోజులు నెట్టుకొస్తున్నాడు.

"ఆమె రాదు" అన్నాడు.

"అడిగినవా?" అంది ఇందిరమ్మ.

వెళ్ళాడు. బక్కమ్మ గడపలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. అతణ్ణి చూసి కూడా చూడనట్టు, లోపలికి తల తిప్పి, "ఎవరో వచ్చినట్టున్నరు చూడుండ్రి" అని కేకేసింది. లోపల ఎవరూ లేరు. రాజలింగు నిలబడే ఉన్న సంగతంతా చెప్పాడు, రంగులు సర్దడం దగ్గర్నుంచి. బక్కమ్మ పిక్కలు తీయడం ఆపింది. లేచి, చెంగుతో చేతులు తుడుచుకుని గోడకు చెప్పింది. "పిల్ల మొఖం జూసి వస్తాన. ఇంకెవరి మొఖమో జూసి కాదు. గీ మాట చెప్పుండ్రి."

గోడ చెప్పకపోయినా రాజలింగు విన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి బక్కమ్మ తన జట్టులో ఇద్దరిని, భద్రమ్మను, శకుంతలను, వెంటబెట్టుకుని వచ్చింది. బక్కమ్మకు, భద్రమ్మకు అక్షరం ముక్క రాదు. శకుంతల పది పాసైంది, ఇందిరమ్మ ఏడో తరగతి దాకా చదివింది. బక్కమ్మ ఒక్క చూపులో పని పంచేసింది. అచ్చు అతకడానికి ఎట్లా కూర్చుంటారో అట్లాగే మగ్గానికి అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. చదువు రాని వాళ్ళు వినాలి, వచ్చిన వాళ్ళు వెతకాలి. ఒక ఫోను బక్కమ్మ చెవి దగ్గర, ఇంకొకటి భద్రమ్మ చెవి దగ్గర. ఆ ఫోన్లో ఒక మాట రాగానే బక్కమ్మ ఉన్నదున్నట్టు పైకి అనేది, తోకతో సహా. ఇందిరమ్మ గుట్టలోంచి ఆ చీటీ లాగేది, భద్రమ్మ అన్నది శకుంతల లాగేది. గొంతు వినగానే ఎవరి మాటో, ఏ రంగో తెలిసేది గనుక మూడు కట్టల్లో రెండు వెతకాల్సిన పనే లేదు. ఆ లెక్కన రాజలింగు చేసిన అఘాయిత్యం కొంచెం పనికొచ్చింది. ఆ మాట ఎవరైనా అంటారేమోనని అతను చాలాసేపు చూశాడు. ఎవరూ అనలేదు.

అతనికి ఇచ్చిన పని ఒక్కటే. వరుస పడ్డ చీటీలను యాభై యాభైగా నూలుతో కట్టి కూతురికి అందించడం. ఆమె నంబర్లు వేసి కంప్యూటర్లోకి ఎక్కించుకునేది. కట్టు వదులైతే బక్కమ్మ అతనితో అనేది కాదు. "శకుంతలా, ఆయనకు జెప్పు, ముడి సరిగ ఎయ్యమను" అనేది. ఆయన మూరెడు దూరంలోనే ఉండేవాడు.

మొదటిరోజు నూటాయాభై కూడా కాలేదు. రెండోరోజు మూడు వందలు దాటాయి. వింటూ వింటూ బక్కమ్మకు ఆ యుస్తినా ఎక్కడ ఊపిరి తీస్తుందో, మగ్గం దెబ్బ ఏ మాట వెనక పడుతుందో తెలిసిపోయింది. చెల్లెలు మొండిదని, పొరుగామె చాడీలు చెప్పే రకమని గొంతులు విని తేల్చేసింది. సుహాసిని ఆశ్చర్యపోయి, "నిజమే పెద్దమ్మా, మీకెట్ల తెలిసింది?" అంటే, "ముగ్గురు ఆడోళ్ళు మగ్గం కాడ కూసుంటె ఇంకెట్లుంటది బిడ్డా, మాకు తెల్వదా?" అంది. సరిచూడటానికి విన్నదాన్నే మళ్ళీ పెడితే, శనివారానికి ఆమె ఫోను కంటే ముందే అనడం మొదలుపెట్టింది. ఆదివారం పొద్దుగూకే వేళకు ఎర్రకట్టలో ఒకే ఒక్క చీటీ మిగిలింది. దాని చోటు ఎవరికీ అంతు పట్టలేదు. ఇందిరమ్మ చదివి వినిపిస్తే, బక్కమ్మ కళ్ళు మూసుకుని మొదటి నుంచి పెదాలు కదుపుతూ పోయి, "నాలుగో కట్టల, పొరుగామె నవ్వినంక" అంది. పెట్టి విన్నారు. అక్కడే!

సోమవారం నాలుగుంపావుకు పుస్తకం ఆఫీసు బల్ల మీద పడింది.

నాలుగు నెలల తర్వాత హనుమకొండలో నోటి పరీక్ష. అందరూ వచ్చి చూడొచ్చని సుహాసిని చెప్పింది. ఇంక అడగాలా? రాజలింగు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆటో మాట్లాడి అందరినీ ఎక్కించాడు. బక్కమ్మ ఆటోలో అతనికి ఆ చివర కూర్చుంది. ఇంకా పలకలేదు.

పరీక్షించడానికి వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ప్రొఫెసర్ పేరు రాజేశ్వర్ రావు. పెద్దమనిషే, అయితే గట్టి మనిషి. గంటసేపు ఇంగ్లీషులో ప్రశ్న మీద ప్రశ్న. సుహాసిని ఒక్కదానికీ తడబడలేదు. రాజలింగుకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కూతురు జవాబు ముగించినప్పుడల్లా పక్కవాళ్ళ వైపు తిరిగి తల ఊపుతూ కూర్చున్నాడు. అప్పుడు ప్రొఫెసర్ పుస్తకం వెనక భాగం తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, తెలుగులోకి మారాడు.

"ఈ సంభాషణల వరుస సరిచూసినవారు అని నలుగురి పేర్లు వేశావు. వీళ్ళకు మంగ్గరాయ్ వచ్చా?"

"రాదు సార్."

"భాషాశాస్త్రం?"

"రాదు సార్. రాకపోవడమే మంచిదైంది. భాష వచ్చినవాళ్ళు తమకు తెలిసిన దాన్ని బట్టి దిద్దేస్తారు. వీళ్ళు విన్నది విన్నట్టు పెట్టారు."

"వాదన బాగుంది" అన్నాడాయన. "కానీ నీ సిద్ధాంతమంతా ఈ వరుస మీద నిలబడి ఉంది. వీళ్ళ పని నమ్మదగిందని నాకు ఆధారమేమిటి?"

సుహాసిని పుస్తకం వైపు చెయ్యి చాపింది. ఎవరి కోసమూ ఆగకుండా రాజలింగు లేచి నిలబడ్డాడు.

"సార్, నేను పిల్ల బాపును. జంపఖానాలు నేస్త. నేను చెప్పొచ్చునా?"

ప్రొఫెసర్ చెప్పమన్నట్టు చెయ్యి చూపించాడు.

"సార్, ఆ చీటీలను కలగలిపిందే నేను. రంగులు సర్దుతాననుకొని ఖరాబు చేసిన. ఈ బక్కమ్మక్క వచ్చి నిలబెట్టింది. ఆమె అచ్చు అతుకుతది సార్, పన్నెండు వందల పోగులు. నలభై ఏండ్ల సంది ఒక్క పోగు పక్కకు పోనియ్యలె. ఆమె పని నమ్మొచ్చునా అని మీరడిగిన్రు. నేను నమ్మలె సార్. నా మగ్గం మీద నలభై పోగులు తెగితె ఆమె చేతులు ముసలియైనయని బజార్ల అన్న." అతను తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు. "అతుకు ఊడలె సార్. అతుకులన్ని గట్టిగనే ఉన్నయ్. అతుకు అవుతల, మంచి పోగు మీద తెగినయ్. ఆ రోజు నేను ఎవరి మీదనో కోపంతోని, నూలును దగ్గరికి కొట్టే పంజాను జోరుగ ఏసిన. అప్పుడే చూసిన, అప్పుడే తెలిసింది. తెలిసి గూడ ఆమె మీదికి నెట్టిన. ఇంట్ల గూడ చెప్పలె. తప్పు నాది. ఆమె చేతిల తప్పు లేదు, చెవుల తప్పు లేదు. నా బిడ్డ పుస్తకానికి నేను అడ్డం కాకూడదు సార్."

ఇందిరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజలింగు కూర్చోవడం కూడా మరిచిపోయి నిలబడే ఉన్నాడు. అప్పుడు బక్కమ్మ అతని చొక్కా అంచు పట్టి కిందికి లాగింది.

"కూసో తమ్మీ" అంది. దాదాపు రెండేళ్ళ మీద ఆమె అతనితో అన్న మొదటి మాట అది. రాజలింగు కూర్చుని, తువ్వాలు మొహానికి పెట్టుకున్నాడు. సిగ్గులేకుండా ఏడ్చాడు.

బక్కమ్మ ప్రొఫెసర్ వైపు తిరిగింది. "సార్, మా ఇంటి ముచ్చట మేము చూసుకుంటం. మీరు ఆ పుస్తకంల యాడనన్న తెరిచి ఒక మాట చదువుండ్రి."

ఆయన కొంచెం నవ్వి, మధ్యలో ఒక పేజీ తెరిచి, ఒక వాక్యం చదివాడు. బక్కమ్మ కళ్ళు మూసుకుంది. తర్వాతి మాట అంది. దాని తర్వాతిది. అక్క మాట అక్క గొంతుతో, చెల్లెలి మాట చెల్లెలి గొంతుతో, మధ్యలో మగ్గం దెబ్బ పడాల్సిన చోట వేలితో బల్ల మీద టక్ అని కొడుతూ. ప్రొఫెసర్ వేలు పేజీ మీద నడుస్తోంది. పేజీ తిప్పాడు. ఆమె ఆగలేదు. ఆయన మొహంలో నవ్వు పోయింది, వేలు తడబడకుండా పట్టుకుని చదువుతున్నాడు. మూడో పేజీ చివర్లో తనే చెయ్యెత్తి ఆపాడు. వెనక నిలబడ్డ విద్యార్థులు చప్పట్లు కొట్టారు. సుహాసిని కళ్ళలో నీళ్ళు నిండిపోయాయి.

"అమ్మా" అన్నాడు ప్రొఫెసర్. ఆ పిలుపులో గౌరవం అందరికీ వినబడింది. "ఇంతసేపు చెప్పారు కదా, ఇందులో ఒక్క మాటకైనా అర్థం తెలుసా మీకు?"

"తెల్వది సార్" అంది బక్కమ్మ, తల ఎత్తి. "అర్థం మా పిల్ల చూసుకుంటది. వరుస మాది."

రాజేశ్వర్ రావు కలం తీసి పీహెచ్‌డీ ఇవ్వొచ్చనే కాగితం మీద సంతకం పెట్టాడు.